దేవునికి తీసిన బియ్యం

శామీర్‌పేట వైపు అలియాబాద్ దగ్గర మేము కాపురం పెట్టిన మొదటి ఏళ్ళలో మా ఇంట్లో అన్నం ఏనాడూ ఒక్కతీరుగా ఉడకలేదు. కొన్ని మెతుకులు జావైపోయేవి, కొన్ని పంటికింద పలుకుపలుకుగా తగిలేవి. నాకు వంట రాక కాదు. కుత్బుల్లాపూర్‌లో ఉన్నప్పుడు నా చేతి అన్నం మల్లెపూవులా ఉంటుందని మా అత్తగారే ఒప్పుకున్నారు, ఆమె ఒప్పుకోవడమంటే మాటలు కాదు. తప్పంతా బియ్యానిది. అది ఒక్క చేనులో పండింది కాదు, ఒక్క దుకాణంలో కొన్నది కాదు. ముప్పై నలభై ఇళ్ళ నుంచి పిడికెడు పిడికెడుగా వచ్చి మా సంచిలో కలిసిన బియ్యం.

మా సంఘం ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. పొయ్యి మీద ఎసరు మరిగాక, బియ్యం పోసే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలోనో మట్టి గురిగిలోనో వేస్తారు. అది దేవుని వంతు. ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఆ పూట బియ్యం సరిపోయినా సరిపోకపోయినా, ముందు ఆ పిడికెడు తీయాల్సిందే. వారమంతా అలా చేరినదాన్ని ఆదివారం కొంగున కట్టుకొని తెచ్చి, ప్రార్థన అయ్యాక ముందర పెట్టిన గోనెసంచిలో పోస్తారు. పోసేటప్పుడు ఒక్క నిమిషం కళ్ళు మూసుకొని తమకేం కావాలో లోపల చెప్పుకుంటారు. ఆ సంచి పాస్టరు ఇంటికి, అంటే మా ఇంటికి, వస్తుంది. జీతం లేని పాస్టరుకు అదే జీతం.

మా ఆయన అంతకుముందు కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవారు. ఆదివారాలు సైకిలేసుకొని మేడ్చల్, అత్వెల్లి మీదుగా ఈ ఊళ్ళన్నీ తిరిగి, ఎవరి వాకిట్లోనో నలుగురిని కూర్చోబెట్టి ప్రార్థన చేసి పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవారు. తొంభైల మొదట్లో ఒకరోజు ఉద్యోగం మానేస్తానన్నారు. నన్ను అడగలేదని అనను. అడిగారు, కాదనడానికి వీల్లేకుండా అడిగారు. "దేవుడు పిలుస్తుండు, నువ్వేమంటవ్?" అంటే ఏ ఇల్లాలు ఏమంటుంది? దేవుడితో పోటీకి దిగి గెలిచిన ఆడదాన్ని నేనైతే చూడలేదు. "పిల్లల నోట్లెకు ఏం పోతదో గది గూడ ఆయన్నే అడుగుండ్రి" అని మాత్రం అన్నాను. మూటాముల్లె సర్దుకొని వచ్చేశాం.

ఆయన అడిగారో లేదో తెలియదు గానీ జవాబు మాత్రం వస్తూనే ఉండేది, మేమనుకున్న వైపు నుంచి కాదు. అప్పట్లో శామీర్‌పేట చుట్టుపక్కల ఎటు చూసినా అంగూరు తోటలే, ద్రాక్షపందిళ్ళే. తీగలు పాకించడానికి రాతి కడీలు పాతి ఇనుప తీగెలు కట్టేవారు. ఊళ్ళో ఒక పటేలు ఉండేవాడు, భూమీ పుట్రా ఉన్నవాడు, మేడ్చల్ రోడ్డు మీద బియ్యం మిల్లు కూడా ఆయనదే. నీళ్ళు దిగిపోయి ఆయన తోట ఒకటి ఎండిపోతే తీగలు పీకించి, "కడీలు మీకు పనికొస్తయా అయ్యగారూ?" అని అడిగాడు. అవే మా ప్రార్థన షెడ్డుకు స్తంభాలయ్యాయి. పాత ఫ్యాక్టరీవాళ్ళు పైన రేకులు వేసి, వెల్డింగు వాళ్ళే చేసి, మధ్యాహ్నం నేను పెట్టిన పచ్చిపులుసు అన్నం తిని వెళ్ళారు. పక్క చేను చాచా తన బోరు నీళ్ళు పట్టుకోమన్నాడు. నేను మొహమాటపడితే, "నీళ్ళు నాయి కావమ్మా, అల్లావి. మోటరొక్కటే నాది. కరెంటున్నప్పుడు జల్దీ పట్టుకోండ్రి" అన్నాడు. ఆ షెడ్డులో ఒక్క వస్తువు మేము కొన్నది కాదు. గోడకు కొట్టిన మేకు దగ్గర నుంచి ఎవరో ఒకరు ఇచ్చిందే.

ఇవ్వడం గొప్పని అందరూ అంటారు. పుచ్చుకోవడం ఎంత కష్టమో పుచ్చుకున్నవాళ్ళకే తెలుసు. పట్నం నుంచి కొందరు కార్లలో పాత బట్టల మూటలు తెచ్చేవారు. ఒకసారి ఒక మూట విప్పితే అన్నీ ఎడమకాలి చెప్పులే. ఎవరికివ్వమని తెచ్చారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆ మూట పక్కనే నిలబడి ఫొటో దిగాను, చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పాను. వాళ్ళు వెళ్ళాక మా ఆయన, "మనసు చూడాలె గని మూట చూడొద్దు" అన్నారు. "మనసు ఇంటికాడ మర్చిపోయి మూట పంపినట్టున్నరు" అన్నాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి బయటికి పోయారు.

నా నోటికి అంత దురుసు ఉన్నమాట నిజం. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచే బుద్ధి కూడా ఉంది. ఆ పిడికెడు బియ్యాన్ని కూడా నేను వదల్లేదు. సోమవారం పొద్దున్నే చాట ముందేసుకొని చెరుగుతూ, ఏరుతూ, ఏ గింజ ఎవరింటిదో చెప్పేసేదాన్ని. కొత్త బియ్యమైతే పొలమున్నవాళ్ళది. నూకలు ఎక్కువుంటే మిల్లులో ఊడ్చే ఆమెది. రాళ్ళున్నాయంటే ఎవరిదో పేరు చెప్పను, ఆమె ఇంకా బతికే ఉంది. ఎర్రగా, దొడ్డుగా, రేషనిచ్చే కంట్రోల్ దుకాణం వాసన కొడుతూ, కానీ ఒక్క రాయి, ఒక్క మట్టిపెళ్ళ లేకుండా శుభ్రంగా ఉంటే అది అవ్వది.

అవ్వ అంటే ఊరి చివర రేకుల గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలామె. అందరూ అవ్వ అనే పిలిచేవారు. ఓపికున్నన్నాళ్ళు అంగూరు తోటల్లో ఆకు దూసింది, కాయ కోసింది. నడుము వంగాక కోళ్ళఫారంలో ఊడ్చే పనికి పిలిస్తే పోయేది, పిలవకపోతే ఇంట్లో ఉండేది. ఆదివారం షెడ్డు తలుపు తీసేసరికి వచ్చి కూర్చునేది అందరికంటే ముందు ఆమే. పాటలు రావు, చప్పట్లు మాత్రం ఎప్పుడూ ఒక దెబ్బ వెనక కొట్టేది. బియ్యం పోసేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటే వెనక వరుస కదిలేది కాదు. అంతసేపు దేవుడితో ఏం మాట్లాడుతుందని ఒకసారి అడిగాను. "నా బియ్యం గివి, గుర్తుపట్టు అని చెప్తున్న బిడ్డా. అన్నిట్ల కలుస్తయి గదా" అంది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. పటేలు వాళ్ళ అమ్మకు జబ్బు చేసి ఆసుపత్రిలో పడితే మా ఆయన రోజూ పోయి ఆమె మంచం పక్కన ప్రార్థన చేసి వచ్చేవారు. ఆమే అడిగి చేయించుకునేది కూడా. ఆ తల్లి లేచి తిరిగింది. మందుల వల్ల లేచిందా, ప్రార్థన వల్ల లేచిందా అన్నది నేను తేల్చను. పటేలు కూడా తేల్చుకోదలచలేదు. డాక్టరుకు ఫీజిచ్చాడు, మాకు సన్నబియ్యం మూట పంపాడు. తనే స్కూటరు మీద వచ్చి, "మా అమ్మ ఉన్నన్ని దినాలు మీ ఇంట్ల పొయ్యి నా జిమ్మ. నెలనెలా మూట వస్తది" అన్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. నెల తిరగ్గానే మూట వచ్చేది.

అది వానలు పడని ఏడు. బోర్లు ఎండి తోటలు ఒక్కొక్కటే పీకేస్తున్నారు. మా సంఘంలో సగం మంది ఆడవాళ్ళకు ఆ తోటల పనే ఆధారం. పనుల్లేక ముఖాలు పీక్కుపోయి వచ్చేవాళ్ళను చూసి మా ఆయన తట్టుకోలేకపోయారు. ఒక ఆదివారం వాక్యం చెప్పడం అయిపోయాక, "అక్కా చెల్లెండ్లారా, ఇగ మీరు బియ్యం తేవొద్దు. మీ పిల్లలకే పెట్టుకోండ్రి. మాకు దేవుడు వేరే దారి చూపిండు" అన్నారు. మనసారా అన్న మాట అది. నేనూ బయటికి అనలేదు గానీ లోపల సంబరపడ్డాను. సోమవారం చాట ముందు కూర్చునే పని తప్పింది. అయితే ఒక్క సంగతి నాకప్పుడే వింతగా తోచింది. మా సంఘంలో ఎండ ఎక్కువుందన్నా ఆమెన్ అంటారు. ఆ రోజు ఒక్కరూ అనలేదు. సంతోషంతో నోట మాట రాలేదేమో అనుకున్నాం.

సన్నబియ్యం బాగుండేది. ఉన్నమాట చెప్పుకోవాలి, చాలా బాగుండేది. అన్నం పొడిపొడిగా రాలేది, పిల్లలు మారడిగేవారు.

షెడ్డు మాత్రం పలచబడసాగింది. ముందు, బియ్యం పోసే ఆ కాసేపు లేకపోయేసరికి ప్రార్థన అవగానే అందరూ చెప్పులేసుకొని వెళ్ళిపోవడం మొదలైంది. అంతకుముందు ఆ వరుసలోనే ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవారు, ఎవరి పిల్లకు జ్వరమో, ఎవరి మొగుడు తాగి కొట్టాడో నాకు అక్కడే తెలిసేది. తర్వాత వచ్చేవాళ్ళు ఆలస్యంగా వచ్చి వెనక కూర్చోసాగారు. ఆ తర్వాత రావడమే తగ్గించారు. పనుల కోసం వేరే ఊళ్ళకు పోతున్నారనుకున్నాం. జ్వరాల కాలం అనుకున్నాం. దారిలో కలిస్తే, "వస్తం అమ్మా, వచ్చే ఆదివారం వస్తం" అనేవారు, నా ముఖం చూడకుండా. ముందు వరుసలో మగవాళ్ళు నలుగురు, వెనక కడీలు.

మా ఆయన తిండి మానేసి ప్రార్థనలో కూర్చునేవారు. నేనేం తప్పు చెప్పాను, ఏ మాట ఎవరికి గుచ్చుకుంది అని తనను తాను పరీక్షించుకునేవారు. ఒక సాయంత్రం వాకిట్లో కూర్చొని, "నన్ను పిలిచిండని నేననుకున్ననేమో. పిలువలేదేమో" అన్నారు. ఫ్యాక్టరీలో పాత సూపర్‌వైజరు ఇంకా ఉన్నాడట, అడిగితే మళ్ళీ మిషను మీదికి తీసుకుంటాడట. ఎన్నిసార్లో నేనే అనుకున్న మాట అది. కానీ ఆయన నోట వింటే ఒప్పుకోబుద్ధి కాలేదు. అంతమంది చేతుల మీదుగా లేచిన షెడ్డుకు తాళం పెట్టి పోవడమెలా అనిపించింది. ఇంకొక్క ఆదివారం చూసి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్తానన్నారు.

అప్పుడు నాకు తట్టింది, అవ్వ కూడా రావడం లేదని. తక్కినవాళ్ళకు పనులుంటాయి, కాపురాలుంటాయి. అవ్వకు ఆదివారం తప్ప వేరే పండుగ లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె గుడిసెకు వెళ్ళాను.

అవ్వ గడపలో కూర్చొని ఉంది. నన్ను చూసి లేవబోయింది, లేవలేక తలుపు పట్టుకుంది.

"ఏందవ్వా, ప్రార్థనకు వస్తలేవు? పాణం మంచిగ లేదా?"

"పాణానికేమైంది బిడ్డా. మంచిగనే ఉంది."

"మరి?"

అవ్వ కొంగు సర్దుకుంది. "ఉత్త చేతులు ఊపుకుంట ఆయన ఇంటికి ఎట్ల రావాలె?"

"గదేం మాట? అయ్యగారు మీ కష్టం జూసి అన్నరు. మీ మీద కోపమొచ్చి కాదు."

"నాకెరుకే. నీ పెనిమిటి మంచోడు, మంచికే అన్నడు. గని నా దగ్గర ఇంకేమున్నది ఇచ్చెటందుకు? పైసల్లేవు. పాడుదామంటే పాట రాదు. సదువుదామంటే అచ్చరం రాదు. గా పిడికెడే ఉండె. గదీ అక్కర లేదన్నంక నేను ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె ఆడ?"

మాట మార్చడానికి లోపలికి చూశాను. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. ఆ పూట రాజేసినట్టు లేదు, ముందు రోజు కూడా రాజేసినట్టు లేదు.

"అన్నం తిన్నవా?"

"పొద్దుగాల చాయ్ తాగిన."

"నిన్న?"

"ఈ నెల కంట్రోల్ బియ్యం ఇంక రాలె బిడ్డా. రేపో మాపో వస్తయంటున్నరు. వచ్చినంక వండుకుంట."

అప్పటికే నా కళ్ళు గూట్లో ఉన్న డబ్బా మీద పడ్డాయి. పాత డాల్డా డబ్బా, మూత పట్టనంత నిండుగా బియ్యం. పైన వేపాకులు పెట్టి ఉన్నాయి, పురుగు పట్టకుండా. పట్టనే పట్టింది, గోడ మీదికి కూడా పాకుతోంది.

"మరి గా బియ్యమేంది?"

"అవి నాయి కావు."

"ఎవరివి?"

ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "దేవునియి."

అయ్యగారు వద్దన్నాక కూడా ఎందుకు తీశావని అడిగాను. అడగడం కాదు, అరిచాను. అవ్వ మాత్రం నిదానంగా, "తేవొద్దన్నడు. తియ్యొద్దనలే గదా" అంది. "తియ్యకుంట ఎసట్ల బియ్యం పోద్దామంటే చెయ్యి ఆడదు బిడ్డా."

"సరే, ఇగ నేను చెప్తున్న. తీసుకొని వండుకో. దేవుడేమనడు."

"నువ్వు చెప్తే అయితదా? ఆయనకని తీసినంక నా కుండల ఎట్ల ఏసుకుంట? తెచ్చిద్దామంటే మీరు తీసుకోరైతిరి. పారేద్దామంటే పాపమాయె." అని నా ముఖం చూసి, "గంత పరేషాన్ గాకు. రెండు దినాలు తినకపోతే సస్తనా ఏంది" అని నవ్వింది.

ఆ నవ్వుకు నాకు ఏడుపు ఆగలేదు. ఎవరి మీద కోపమో కూడా తెలియనంత కోపం వచ్చింది. ఉపవాసం ఉండి దేవుడి సమాధానం కోసం ఎదురుచూస్తున్న మా ఆయన మీద, మంచి మనసుతో మూట పంపిన పటేలు మీద, నెలల తరబడి మేము తిన్న ఆ తెల్లటి అన్నం మీద. నిండు డబ్బా పక్కన ఒక ముసలామె పస్తుంటే, ఆమెకు మేలు చేశామని మేము అనుకుంటున్నాం. డబ్బా చంకన పెట్టుకొని, "పా అవ్వా, మా ఇంటికి" అన్నాను. రానంటే చేయి పట్టుకొని లేపాను. పీకేసిన తోట గట్టు మీదుగా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాం.

ఆ తర్వాతి ఆదివారం సంగతి ముందే చెప్పేస్తాను. మా ఆయన సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళలేదు. నేను అవ్వ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్తే తల పట్టుకొని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత సైకిలు తీసి ఇల్లిల్లూ తిరిగారు. "తప్పు చెప్పిన. మీ బియ్యం మాకు కావాలె" అని ఒక్కో గడప దగ్గరా అడిగారు. ఆదివారం ఆడవాళ్ళంతా వచ్చారు. కొంగుల్లో కాదు, డబ్బాలకు డబ్బాలు, గురుగులకు గురుగులు నెత్తిన పెట్టుకొని వచ్చారు. అవ్వ ఒక్కతే కాదు, పనుల్లేని ఆ కాలంలో ఎవరూ పిడికెడు తీయడం మానలేదు. ఎవరూ దాన్ని ముట్టలేదు. పిల్లలకు గంజి పోసి పడుకోబెట్టినవాళ్ళు కూడా. గోనెసంచి చాలక దుప్పటి పరిచాం. మా ఆయన ప్రార్థన మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయారు, మధ్యలోనే కూర్చుండిపోయారు. ఈసారి ఆమెన్ మాత్రం గట్టిగానే వినబడింది.

పటేలుతో ఎలా చెప్పాలా అని భయపడ్డాం. ఆయన అంతా విని, "మా అమ్మ గూడ గంతే. గుడికని పక్కన పెట్టిన కొబ్బరికాయ, ఇంట్ల చట్నీకి లేకున్నా ముట్టనియ్యది" అన్నాడు. "మరి నా బియ్యం ఏంజేద్దాం?" అని ఆయనే అడిగాడు. ఆ సన్నబియ్యం ఆదివారం షెడ్డు వెనక పెద్ద గిన్నెలో వండి అందరికీ పెట్టడం మొదలుపెట్టాం. వాళ్ళ పిడికెడు మా ఇంటికి, పటేలు మూట వాళ్ళ కంచాల్లోకి. పటేలు తల్లి, పెద్ద పటేలమ్మ, ఒకసారి వచ్చి బంతిలో కూర్చొని తిని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్ళింది. తక్కువే అయింది.

ఇప్పుడా తోటలు లేవు. రెండువేలు దాటాక కడీలు పాతిన చోటల్లా ప్లాట్ల హద్దురాళ్ళు లేచాయి. మా షెడ్డు స్లాబు మందిరం అయింది, అదీ పదిమంది చేతుల మీదే. కొత్తగా వచ్చినవాళ్ళు కవర్లలో పెట్టి కానుక ఇస్తారు. వాళ్ళది తక్కువని నేననను. ఇచ్చే తీరు మారింది, అంతే. పాతవాళ్ళలో కొందరు ఇంకా కొంగున కట్టుకొని బియ్యం తెస్తారు, మా కోడలు చెరగడానికి చాట ఎక్కడుందని నన్నడుగుతుంది. దేవుడు మిమ్మల్ని ఎలా పోషించాడని బయటివాళ్ళు సాక్ష్యం చెప్పమన్నప్పుడు మా ఆయన రేకుల గురించి, కడీల గురించి, బోరు నీళ్ళ గురించి చెప్తారు. నన్నడిగితే నేను అవ్వను ఇంటికి తీసుకొచ్చిన ఆ మధ్యాహ్నం గురించి చెప్తాను.

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బాలోని బియ్యమే చాటలో పోసి చెరిగాను. పురుగు ఏరి, నాలుగైదు నీళ్ళు మార్చి కడిగాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అవ్వ గోడకానుకొని కళ్ళు మూసుకుంది. నీరసమో ప్రార్థనో తెలియలేదు. పప్పు ఉంది, ఇంత చింతపండు పిసికి పచ్చిపులుసు చేశాను. వేడివేడి అన్నం కంచంలో పెట్టి ఆమె ముందుంచాను. ఆకలి మీదున్న మనిషి, ఎగబడి తింటుందనుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

"తిను అవ్వా."

"నువ్వు గూడ పెట్టుకో."

"నేను తర్వాత తింట. నువ్వు కానియ్యి."

"అట్ల కాదు బిడ్డా. ముందుగాల నువ్వు తినాలె." కంచం నా వైపు కొంచెం జరిపింది. "మీరు తింటెనే అది ఆయనకు ముట్టినట్టు. ఆయనకు ముట్టినంక నేను తింట."

అన్నేళ్ళూ నేను ఆ బియ్యం మా పేదరికం చూసి పెడుతున్నారనుకున్నాను. పుచ్చుకునే చేయి కిందిదని లోలోపల కుమిలేదాన్ని, ఆ ఉక్రోషమంతా చాటలో రాళ్ళ మీద చూపించేదాన్ని. అవ్వ నాకు ఏనాడూ భిక్ష పెట్టలేదు. తన దేవుడికి అన్నం పెట్టుకుంటోంది, తినే నోరు మాత్రం నాది. అంత పని నాకు అప్పజెప్పిందని నాకు తెలియనే తెలియదు.

ఇంకో కంచం తెచ్చుకొని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. అవ్వ నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ముద్ద మింగాను. అది చూశాక కంచం దగ్గరికి లాక్కొని, తల ఎత్తకుండా తినడం మొదలుపెట్టింది.